మడతలో మూడేళ్లు

జూన్ 9

వదినమ్మకి,

ఉభయ కుశలోపరి అని మొదలుపెడితే నువ్వు నవ్వుతావు కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను. అందరం క్షేమంగా చేరాం. విమానంలో గుండుగాడు ఎక్కగానే నిద్రపోయి, దిగేముందు లేచి ఆకలన్నాడు. చీమ మాత్రం కిటికీకి ముక్కు ఆనించి, కింద మేఘాలు కనబడినప్పుడల్లా "అమ్మా, ఇంత దూది ఎవరు పారబోశారు?" అని అడిగింది. ఆరేళ్లూ నీ కుట్టు షాపులో పెరిగిన పిల్ల. దానికి లోకమంతా కుట్టుపనే.

ఇల్లు నాలుగో అంతస్తులో. లిఫ్టు ఉంది, కదలదు. మా ఆయన సముద్రాలు దాటి వచ్చిందే లిఫ్టులు బాగుచేసే ఉద్యోగానికి. రోజంతా ఊళ్లోవాళ్ల లిఫ్టులు బాగుచేసి వచ్చి, సాయంత్రం బూట్లు చేత్తో పట్టుకుని మెట్లెక్కుతున్నారు. ఇదేమిటండీ అంటే "మన బిల్డింగు మా కంపెనీ కిందికి రాదే" అంటారు. గుండుగాడు రెండో అంతస్తు దాకా వీరుడు. ఆ తర్వాత నా చంకలో.

రెండు గదులు, ఒక వంటిల్లు. వంటింట్లో ఇద్దరం నిలబడితే ఒకరు ఊపిరి వదిలాకే ఇంకొకరు పీల్చాలి. భోజనాల బల్ల అద్దంది. చీమ దాని కిందికి దూరి చూసి, "ఇక్కడ కూర్చుంటే అందరికీ కనబడతాను" అని అలిగి మంచం కింద చేరింది. నీ కత్తిరింపుల బల్ల కింద దాని సామ్రాజ్యం ఎలా ఉండేదో నీకు తెలుసు కదా.

నువ్వు కుట్టిచ్చిన గౌన్లు చూసి కింది ఇంటి తెలుగు నర్సమ్మ ముక్కున వేలేసుకుంది. అంచు తిప్పి లోపలి మడతలు చూపించాను. "ఏడాదికొకటి విప్పుకుంటూ పోతే మూడేళ్లు కొత్త గౌను కొననక్కర్లేదు, మా వదిన తెలివి" అని చెప్పుకున్నాను.

ఆదివారం ఫోన్ ఎలాగూ ఉంది. కానీ అందులో మా అన్నయ్య వాతావరణం అడుగుతాడు, పిల్లలు లాక్కుంటారు, నువ్వూ నేనూ "బాగున్నావా, బాగున్నా" అని పెట్టేస్తాం. అసలు కబుర్లు ఇక్కడ రాసుకుందాం. ఇన్నేళ్లు పక్కపక్క మిషన్ల మీద కూర్చుని వాగిన నోరు ఊరుకోదు.

నీ మరదలు

జూన్ 24

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం షాపుకి వచ్చేసరికి ఒకావిడకి కొలతలు తీస్తున్నాను. "చేతులెత్తండి, కదలకండి" అని నిలబెట్టి, ఉత్తరం మొత్తం చదివి, మడిచి డ్రాయర్లో పెట్టాక గానీ ఆవిడ గుర్తు రాలేదు. పాపం, అలాగే నిలబడి ఉంది. నా షాపులో క్రమశిక్షణ అలాంటిది.

నీ మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచాను. ఎవరికీ ఇవ్వలేదు. బల్ల కింద చోటు ఖాళీ. అయినా కుర్చీ జరిపేటప్పుడు పిల్లకి తగులుతుందేమోనని కాలు వెనక్కి తీసుకుంటూనే ఉన్నాను. అలవాటు, ఏం చేస్తాం.

ఒక దొంగతనం కూడా జరిగింది. కుట్లు విప్పే చిన్న కత్తి, పచ్చ పిడిది, మూతతో సహా మాయం. ఇదివరకు మీ అన్నయ్య దాంతో పాల ప్యాకెట్టు కోస్తుండగా పట్టుకున్నాను, కాబట్టి అనుమానం ఆయన మీదే. అడిగితే గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నేను ఇప్పుడు పాలే తాగట్లేదు" అంటాడు.

ఆ నర్సమ్మకి ఇంకో సంగతి చెప్పాల్సింది. మడతకో రంగు దారం వేశాను. మొదటి ఏడాదికి నీలం, రెండో ఏడాదికి పచ్చ, చివరి ఏడాదికి ఎరుపు. నువ్వు తికమకపడితే చీమని అడుగు, దానికి అన్నీ చెప్పే పంపాను. ఆ కుట్టు ఊడాలంటే నా అనుమతి కావాలి.

స్కూలు సంగతి ఏమీ రాయలేదేం? పిల్ల వెళ్తోందా?

నీ వదిన

జూలై 15

వదినా,

కోప్పడనంటేనే చదువు. లేకపోతే ఇక్కడే ఆపి మడిచేసి, రెండు రోజులయ్యాక తెరువు.

నీలం పూల గౌను అంచు ఊడిపోయింది. స్కూలు మెట్ల మీద అది కాలికి అడ్డంపడి చీమ బోర్లాపడింది. మోకాలు కొంచెం గీరుకుంది, అంతే. సరే, ప్రయాణంలో ఎక్కడో పట్టుకుని ఉంటుందిలే అనుకున్నాను. నాలుగు రోజులకి తెల్ల గౌను. ఈ వారం చారల గౌను. నేను చేతి సూదితో వేసిన కుట్లు కూడా నిలవడం లేదు, అది వేరే సంగతి, నా చేతికుట్టు నీకు తెలిసిందే. కానీ నీది ఊడటమేమిటి? ఆ దారం కొత్త షాపులో కొన్నావా? నర్సమ్మ మెట్ల మీద ఎదురై, గౌను అంచు చూసి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

స్కూలుకి వెళ్తోంది. వెళ్లి కూర్చుంటుంది. టీచరమ్మ మంచిదే. నాకొచ్చిన నాలుగు ముక్కల్లో నాకర్థమైంది ఏమిటంటే, మన చీమ ఇంతవరకు క్లాసులో నోరు విప్పలేదట. షాపుకొచ్చిన ప్రతి మనిషినీ "మీ గౌనా, మీ చెల్లి గౌనా, ఎప్పటికి కావాలి?" అని వేధించిన పిల్ల, అక్కడ కుక్కిన పేనులా ఉందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. భాష రావాలి కదా, వస్తుందిలే అంటున్నాను అందరితో.

గుండుగాడికి భాషతో పనేముంది. పార్కులో ఎవరి చేతిలో బిస్కెట్టు ఉంటే వాళ్లు చుట్టాలు.

నీ మరదలు

జూలై 30

శ్రీమతి ఆడపడుచుగారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మొగుడు కూడా నా కుట్టుని ఇంతమాట అనలేదు.

నేను షాపు తెరిచిన నాటి నుంచీ ఇవాళ్టి దాకా నా చేతి అంచు ఊడిందని ఒక్క మనిషి మెట్లెక్కి రాలేదు. అయినా న్యాయంగా ఉండాలని పరీక్ష పెట్టాను. అదే గుడ్డ, అదే దారం, అదే కుట్టు. ఒక కొస మీ అన్నయ్యకిచ్చి, రెండో కొస నేను పట్టుకుని లాగాం. కుట్టు ఊడలేదు. గుడ్డ జారి మీ అన్నయ్య వెళ్లి ఇస్త్రీ బల్లకి గుద్దుకున్నాడు. తర్వాత వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, పిండి, ఎండలో వేశాను. పోగు కదల్లేదు.

కాబట్టి తప్పు నా కుట్టుది కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఉతకడం రాక దారాన్ని అంటున్నావు. పసిపిల్ల గౌన్లని ఏ రుబ్బురోలులో వేసి తిప్పుతున్నావో ముందు చూసుకో. ఆ నర్సమ్మని కూడా నవ్వడం ఆపమను.

మొన్న ఆదివారం ఫోన్లో నా గొంతు వినగానే "అన్నయ్యకివ్వు" అన్నావు. ఇచ్చాను. మంచిది. వాతావరణం మాట్లాడుకోండి.

పిల్ల నోరు విప్పలేదన్న సంగతి మాత్రం గుండెల్లో గుచ్చుకుంది. అది ఊరికే ఊరుకునే రకం కాదు. ఏదో పనిలో ఉండి ఉంటుంది. గమనించు.

నీ వదిన (కుట్టు గట్టిది, మనసు కాదు)

ఆగస్టు 18

వదినా,

అన్నయ్యకివ్వు అన్నది నీ మీద అలిగి కాదు, నీ గొంతు వింటే ఏడుస్తానని. నువ్వు దాని మీద కూడా కేసు పెట్టేశావు.

నువ్వు రుబ్బురోలన్న వాషింగ్ మిషన్ పాపం ఎరగదు. చివరి మూడు గౌన్లు చేత్తోనే ఉతికాను. అయినా ఊడాయి. నీలం, పచ్చ, ఇప్పుడు ఎరుపు కూడా. ఒక్క గౌనుకీ మడత మిగల్లేదు, అన్నీ నేల ఊడుస్తున్నాయి. కొత్త ఇల్లు తుడుచుకోవడానికి నాకు వేరే గుడ్డ అక్కర్లేకుండా పోయింది.

నవ్వు చాలు. అసలు మాట రాస్తున్నాను. చీమ ఇంకా మాట్లాడటం లేదు. పొద్దున్నే లేచి తన సంచిలో బొమ్మ, పళ్ల బ్రష్షు సర్దుకుని తలుపు దగ్గర కూర్చుంటోంది. "ఇవాళ వెళ్తామా?" అంటుంది. స్కూలుకా అంటే కాదంటుంది. ఇంకేమీ చెప్పదు. మా ఆయన ఒక లిఫ్టు నమూనా చేసి ఇచ్చారు, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, తాడు లాగితే పైకెళ్తుంది. గుండుగాడు మురిసిపోయాడు. చీమ దాన్ని కన్నెత్తి చూడలేదు.

నేనూ ఆయనా ఒక మాట అనుకున్నాం. డిసెంబరు సెలవుల్లోపు పిల్ల కుదురుకోకపోతే, పిల్లలిద్దర్నీ తీసుకుని నేను వచ్చేస్తాను. ఆయన ఒక్కరే ఇక్కడ ఉంటారు. సరే అన్నారు గానీ, అన్నం సగంలో లేచిపోయారు. గుండుగాడు ఆయన భుజం దిగడు, ఎలా ఉంటారో నాకే తెలియదు. కానీ పిల్ల మౌనం నేను చూడలేకపోతున్నాను.

మిషన్ ఎవరికీ ఇవ్వకు.

నీ మరదలు

ఆగస్టు 22

వదినా,

మొన్నటి ఉత్తరం నీకింకా చేరి ఉండదు. ఈలోపే ఇది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను.

పొద్దున్న మంచం కింద ఊడుద్దామని వంగితే చీమ బోర్లా పడుకుని ఉంది. ముందు నువ్వు కుట్టిచ్చిన చలికోటు. చేతిలో నీ కత్తి. పచ్చ పిడిది! ఒక్కొక్క కుట్టూ లేపి, దారం లాగి, పోగుల్ని రంగుల వారీగా మూడు కుప్పలు పోసింది. గుడ్డకి ఒక్క చిల్లు లేదు. నీ శిష్యురాలు.

అన్నయ్యకి నా తరఫున క్షమాపణ చెప్పు. నీ దారానికి కూడా.

ఎందుకు చేశావే అంటే అది ఏమందో విను. "అత్తయ్య చెప్పింది కదా. నీలం దారం విప్పాలి, తర్వాత పచ్చది విప్పాలి, ఎర్ర దారం విప్పే రోజుకి ఇంటికొచ్చేస్తావని చెప్పింది." చెప్పి, నా మొహం చూసి నెమ్మదిగా అడిగింది, "అన్నీ విప్పేశాను కదమ్మా. ఇంకా ఎందుకు వెళ్లట్లేదు? నేను సరిగ్గా విప్పలేదా?"

వదినా, నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. దీన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇవాళ్టి దాకా నేను దారాన్నీ నీళ్లనీ తిట్టుకున్నాను. మేం వచ్చింది మూడేళ్లకని ఎవరు చెప్పారు నీకు? పిల్ల స్కూల్లో ఎందుకు మాట్లాడాలి, రేపే వెళ్లిపోయే చోట? దానికి ఆ ఆశ ఎందుకు పెట్టావు?

కత్తి ఫ్రిజ్ మీద పెట్టాను.

మరదలు

సెప్టెంబరు 7

అమ్మాయీ,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. నా బుద్ధి ఎలాంటిదో చూడు, రెండోది చదవగానే ముందు "నా కుట్టు ఊడలేదు!" అని షాపులో పైకే అరిచాను. ఆ తర్వాత ఏడ్చాను. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మనిద్దరం కలిసి దారానికి కోర్టు పెట్టాం.

కోప్పడు. కానీ ఆవేళ ఏం జరిగిందో విను. కొలతలకి దాన్ని కత్తిరింపుల బల్ల మీద నిలబెట్టాను. టేపు నడుము చుట్టూ తిప్పుతుంటే నా మెడ పట్టుకుని వదల్లేదు. "నన్ను కుట్టేసుకో అత్తయ్యా, నీ చీరకి" అంది. ఏడుస్తున్న పిల్లకి ఏం చెప్పమంటావు, నిజమా? నిజం చెప్పే గుండె నాకు లేదు. నోటికొచ్చిన అబద్ధం చెప్పాను. నన్ను నేను సముదాయించుకోడానికి కూడా చెప్పాను, నిజమే.

నువ్వు వచ్చేస్తానన్న ఉత్తరం చదివి నీ మిషన్ మీద గుడ్డ తీశాను. నూనె వేశాను, సూది మార్చాను. కాసేపు ఒట్టి చక్రం తిప్పి, ఆ టకటక విని, మళ్లీ గుడ్డ కప్పేశాను. నువ్వు రాకు. నా బల్ల కింద చోటు నిండాలని మీ ఆయన భుజం ఖాళీ చేయలేను. పిల్లకి ఇంకొక్క పని ఇచ్చి చూద్దాం. అది పని లేకపోతే ముడుచుకుపోయే రకం.

ఈ పొట్లంలో మొద్దు మొన ఉన్న సూది, మూడు దారాలు ఉన్నాయి. కింది ముక్క దానికి చదివి వినిపించు.

"చీమా, నువ్వు చాలా బాగా విప్పావు. గుడ్డ చిరగలేదని అమ్మ చెప్పింది. కానీ మన షాపులో పద్ధతి తెలుసు కదా? విప్పినవాళ్లే మళ్లీ కుట్టాలి. ఎరుపు, పచ్చ, నీలం, మూడూ. వంకరగా ఉన్నా పరవాలేదు. మొత్తం కుట్టాక నాకు కబురు చెయ్యి. అత్తయ్య."

కుట్టనీ. ఎంతకాలం పడితే అంతకాలం.

నీ వదిన

అక్టోబరు 19

వదినా, వదినా, వదినా!

కూర్చున్నావా? నోట్లో గుండుసూదులుంటే తీసి పక్కన పెట్టు.

నీ పొట్లం వచ్చిన రోజు నుంచీ చీమ కిటికీ దగ్గర కూర్చుని కుడుతోంది. ఒక్కో కుట్టు చిటికెన వేలంత. చారల గౌను పూర్తికాలేదని సంచిలో పెట్టుకుని స్కూలుకి పట్టుకుపోయింది, నేను చూసుకోలేదు. ఆటల వేళ ఒక మూల కూర్చుని కుడుతుంటే, ముందుపళ్లు ఊడిన పిల్లొకతి వచ్చి పక్కన నిలబడిందట. ఆ పిల్ల చంక దగ్గర చొక్కా పిగిలి ఉంది. మన చీమ దాన్ని ఎగాదిగా చూసి, లేచి నిలబడి, మొదటిసారి నోరు విప్పింది.

"చెయ్యెత్తు. కదలకు."

మన భాషలో! నీ గొంతుతో! టీచరమ్మ ఆ మాటలు నేర్చుకుని వచ్చి మరీ నాకు అప్పజెప్పింది, నేను రోడ్డు మీదే నవ్వుతూ ఏడ్చాను. ఆ పిల్ల చెయ్యెత్తి, కదలకుండా నిలబడిందట. తర్వాత ఇంకో పిల్లాడు గుండీ ఊడిందని వచ్చాడట. ఒంటి మీద ఉన్నదాన్ని కుట్టకూడదని, విప్పించి బల్ల మీద పరిచి కుట్టాలని టీచరమ్మ ఒక నియమం పెట్టి, తన బల్ల పక్కన కుర్చీ వేసింది. ఇప్పుడు నీ కోడలు అక్కడ దర్జాగా కూర్చుంటోంది. పిల్లలు వాళ్ల మాటలు అంటుంటే అది అప్పజెబుతోంది. ఇంటికొచ్చి నా ఉచ్చారణ దిద్దుతోంది. "అలా కాదమ్మా" అంటుంది, నుదురు కొట్టుకుంటూ.

ఆ పళ్లూడిన పిల్ల నిన్న ఇంటికొచ్చింది. ఇద్దరూ మంచం కింద దూరారు. మూడోవాడిగా గుండుగాడు దూరబోతే "కస్టమర్లు బయట" అని తోసేశారు.

సెలవుల్లో రావడం లేదు వదినా. మా ఆయనకి చెబితే ఆ సంతోషంలో మా బిల్డింగు లిఫ్టు సొంతంగా బాగుచేశారు. ఇప్పుడు గుండుగాడు దిగనంటున్నాడు.

ఒక్క చిక్కు మిగిలింది. పిల్ల నిజంగానే ఎదిగింది. గౌన్లు మోకాళ్ల పైకి పోయాయి. నీలం దారం విప్పుదామంటే రెండు చేతులతో అంచు పట్టుకుని లాక్కుంటోంది. "విప్పితే వెళ్లిపోవాలి. నాకు పనుంది" అంటోంది. నువ్వే ఏదో ఒకటి తేల్చు.

నీ మరదలు

నవంబరు 6

మరదలా,

"నాకు పనుంది" అన్నదా? ఆ ముక్క మీ అన్నయ్యకి మూడుసార్లు చదివి వినిపించాను. ఆయన పాలు తాగుతూ విన్నాడు. నిర్దోషి అని తేలాక మళ్లీ మొదలుపెట్టాడు.

ఇవాళ నీ మిషన్ మీద ఒక కొత్తమ్మాయిని కూర్చోబెట్టాను. గుండీల కాజాలు బాగా కుడుతుంది, కబుర్లు రావు. కుర్చీ ఎత్తు మాత్రం మార్చనివ్వలేదు. నువ్వక్కడ ఒక పాత మిషన్ చూసుకో. నీ చేతికుట్టు మీద నాకు బొత్తిగా నమ్మకం లేదు.

ఇక తీర్పు. చీమకి ఇలా చెప్పు. అత్తయ్య తొందరలో తప్పు చెప్పింది. ఎర్ర దారం విప్పే రోజుకి నువ్వు రావడం కాదు, అత్తయ్యే నీ దగ్గరికి వస్తుంది. కాబట్టి భయపడకుండా ఎదుగు.

నాకు విమానమంటే భయమని నీకు తెలుసు. అయినా ఫరవాలేదు, ఏడాదికో మడత లెక్కన ఎరుపు దాకా రావడానికి బోలెడంత వ్యవధి ఉంది. ఈలోగా ధైర్యం కూడగట్టుకుంటాను. మీ అన్నయ్య నాకు పాస్‌పోర్టు తీయించేశాడు గానీ, అది ఊరికే, ఫొటో బాగా వచ్చిందని.

ఆ పచ్చ పిడి కత్తి ఫ్రిజ్ మీంచి తీసి దానికిచ్చెయ్యి. పనిమంతురాలి దగ్గర పనిముట్టు లాక్కోకూడదు. నీలం దారం దాని చేత్తోనే విప్పించు, నువ్వు పక్కనే కూర్చో.

నీ వదిన

నవంబరు 24

వదినా,

టికెట్ తీసుకో.

నీ తీర్పు శుక్రవారం చదివి వినిపించాను. చెప్పినట్టే కత్తి ఇచ్చి, పక్కన కూర్చుని, నీలం దారం విప్పించాను. బుద్ధిగా విప్పి, కత్తికి మూత పెట్టి, నాకిచ్చింది. నేను దాన్ని ఎక్కడ పెట్టానో చూసింది కూడా.

ఇవాళ ఆదివారం. కూర వండి వచ్చేసరికి మంచం కింద రెండు జతల కాళ్లు. ఒకటి మన చీమ, ఒకటి పళ్లూడిన పిల్ల. గౌన్లన్నీ మడతలు ఊడి నేలమీద పడి ఉన్నాయి. చలికోటు, గుండుగాడి పంట్లాలు, రేపు మా ఆయన డ్యూటీకి వేసుకోవాల్సిన ప్యాంటు, కిటికీ తెర కూడా. ఎర్రపోగులన్నీ ఒక కుప్పగా పోసి, పైన పుస్తకం పెట్టారు, ఎగిరిపోకుండా.

మందలిద్దామని నోరు తెరిచాను. నవ్వొచ్చేసింది.

నీకు ఇలా రాయమంది: "ఈసారి ఒక్క పోగు కూడా మిగల్చలేదు. సరిగ్గా విప్పానో లేదో వచ్చి చూసుకోమను."

నీ మరదలు